అవిలాల వైపు 60 అంకణాల సైటు కొంటున్నాం: అడ్వాన్సు ఇచ్చేముందు ఏమేం చూసుకోవాలి?

స్వర్ణముఖి గట్టు
అందరికీ నమస్కారం. మా ఆయనా నేనూ చెన్నైలో ఉద్యోగాలు చేస్తున్నాం. అత్తామామలు తిరుపతిలో ఉంటారు, రేపు రిటైరయ్యాక మేమూ అక్కడికే రావాలని ఆశ. అవిలాల వైపు ఒక సైటు నచ్చింది. 60 అంకణాలు (ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు), తూర్పు ముఖం, ముందు 30 అడుగుల రోడ్డు. అంకణం లక్ష చొప్పున మాట అయింది.

1991లో కొన్న పెద్దాయన 2009లో కాలం చేశారు. వీలునామా రాయలేదట. భార్య, ఇద్దరు కొడుకులు, వేలూరులో ఇచ్చిన కూతురు ఉన్నారు. మాటలన్నీ పెద్దకొడుకే మాట్లాడుతున్నారు, మనిషి మర్యాదస్తుడు. మధ్యవర్తి మాత్రం "శుక్రవారం లోపల 5 లక్షలు ఇచ్చేయండమ్మా, ఇంకో పార్టీ కాచుకోని ఉండాది, మిగతాదంతా రిజిస్ట్రేషన్ ఆఫీసులో వాళ్లే చూసుకుంటారు" అని తొందరపెడుతున్నాడు.

మా చేతికొచ్చినవి: 1991 దస్తావేజు జిరాక్సు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జిరాక్సు, 2010 నుంచి తీసిన ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా). ఇంతకుముందు ఎప్పుడూ స్థలం కొనలేదు. ఏది ముందు, ఏది వెనక అని వరసగా తెలిసినవాళ్లు చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

రేణిగుంట రోడ్డు
అక్కా, శుక్రవారం ఇవ్వద్దు. ఇంకో పార్టీ కాచుకోని ఉండేది నిజమే అయినా, ఇదొక్కటే సైటు కాదు కదా తిరుపతిలో. ఒరిజినల్ దస్తావేజు కంటితో చూసినాకే డబ్బు మాట. జిరాక్సు చూపించి అడ్వాన్సు అడిగితే, ఒరిజినలు ఏదో బ్యాంకులో ఉందేమో అని అనుమానించాల.

పాత దస్తావేజు
అమ్మా, తిరుపతి, పుత్తూరు ఆఫీసుల దగ్గర దస్తావేజులు రాస్తూనే వయసైపోయినవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను.

"ఆఫీసులో వాళ్లే చూసుకుంటారు" అనే మాట ముందు మనసులోంచి తీసేయండి. సబ్‌రిజిస్ట్రారు చూసేది ఏమంటే, రాసిచ్చేవాళ్లు ఎదురుగా వచ్చినారా, సంతకం మాదే అని ఒప్పుకున్నారా, స్టాంపు డ్యూటీ సరిగా కట్టినారా, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా. అంతే. అమ్మేవాళ్లకు నిజంగా హక్కు ఉందా లేదా అని తేల్చడం ఆయన పని కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆయనకు ఆ అధికారం ఇవ్వలేదు. రిజిస్టరైన కాగితం మీ చేతికొచ్చినా, రాసిచ్చినవాళ్లకు ఎంత హక్కు ఉండిందో అంతే మీకు వస్తుంది, పైసా జాస్తి రాదు. హక్కుకు ప్రభుత్వమే పూచీ ఇస్తుందని చెప్పి తెచ్చిన 2022 నాటి భూ హక్కుల చట్టాన్ని 2024లో రద్దు చేసినారు. కాబట్టి పరిశీలన భారం ఇప్పటికీ కొనేవాళ్లదే.

మీ ఈసీ 2010 నుంచే ఎందుకు తీసినారో అడగండి. పెద్దాయన కొన్నది 1991లో, పోయింది 2009లో. ఆ పద్దెనిమిదేళ్లలో ఆయన ఎవరికైనా తాకట్టు పెట్టినా, సగం అమ్మినా మీ దగ్గరున్న కాగితంలో అగుపడదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి ఈసీ దొరుకుతుంది, అక్కడి నుంచీ తీయండి. సర్వే నంబరుతో ఒకసారి, ఆ 1991 దస్తావేజు నంబరుతో ఇంకోసారి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో అర్జీ పెట్టి పుస్తకాలు వెతికించాల.

ఇంకోటి. పాత కాగితాల్లో "చిత్తూరు జిల్లా, శ్రీ బాలాజీ రిజిస్ట్రేషన్ జిల్లా" అని ఉంటే కంగారు పడొద్దు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడకముందు ఇక్కడి దస్తావేజులు అట్లే రాసేవాళ్లం.

తుడా సర్కిల్
పెద్దాయన చెప్పినదానికి కొంచెం కలుపుతా. ఈసీలో "ఏమీ లేదు" అని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. రిజిస్టరైన లావాదేవీలే అందులో ఉంటాయి. వీలునామా రిజిస్టర్ చేసినా అది 3వ పుస్తకంలో పోతుంది, ఈసీలో రాదు. కోర్టులో నడిచే దావా రాదు. ఇంటి పన్ను బకాయి రాదు. నోటిమాట మీద పంచుకున్న పాలు రావు.

బ్యాంకు తాకట్టు గురించి: ఇప్పుడు దస్తావేజులు డిపాజిట్ చేసినట్టు మెమోరాండం రిజిస్టర్ చేయిస్తున్నారు కాబట్టి ఈసీలో కనిపిస్తుంది. పాతకాలంలో ఊరికే ఒరిజినల్స్ బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకున్నవి కనిపించవు. అందుకే ఒరిజినల్ చూడమనేది. అప్పు తీరిపోయిందని చెబితే బ్యాంకు ఇచ్చిన క్లోజర్ లెటరూ, తాకట్టు రద్దు పత్రమూ రెండూ అడగండి. అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగివ్వాలని, లేటైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. "ఇంకా బ్యాంకులోనే ఉన్నాయండీ" అని నెలల తరబడి చెప్పేవాళ్ల మాట నమ్మడానికి లేదు.

చంద్రగిరి కోట
కూతురికి పెళ్లి ఎప్పుడయింది? 2005 చట్టం రాకముందే అయ్యుంటే ఆమెకు భాగం లేదు కదా. అనవసరంగా వేలూరు దాకా పోయి ఆమె సంతకం తేవడం ఎందుకు? మా ఊర్లో ఇట్లానే కొడుకులు మాత్రం సంతకాలు పెట్టి అమ్మినారు, ఏమీ కాలేదు.

కోర్టు వీధి
చంద్రగిరి కోట గారూ, ఇది చాలామంది నమ్మే మాట, కానీ తప్పు. దయచేసి దీన్ని ఎవరూ పట్టుకోవద్దు. నేను వకీలుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఇక్కడ రాసేది అందరికీ వర్తించే సంగతులు మాత్రమే, ఈ సైటు మీద లీగల్ ఒపీనియన్ కాదు.

మీరు చెబుతున్న 2005 సవరణ పిత్రార్జితం గురించి. అందులో కూడా మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ పెళ్లి షరతు తీసేసింది. తండ్రి 2005కి బతికి ఉన్నాడా లేదా అన్న తగాదాను కూడా సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చేసింది. పుట్టుకతోనే హక్కు, తండ్రి బతికుండాల్సిన పని లేదు.

కానీ ఈ సైటుకు ఆ చర్చే అక్కర్లేదు. పెద్దాయన 1991లో సొంత డబ్బుతో కొన్నారు. స్వార్జితం. వీలునామా లేకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్య, కొడుకులు, కూతుళ్లు తలా ఒక సమాన భాగం తీసుకుంటారు. కూతురి పెళ్లి ఎప్పుడయితేనేం? 1956 నుంచీ ఇదే చట్టం.

స్వర్ణముఖి గారూ, మీరు ఇంకో మాట కనుక్కోండి. 2009లో పెద్దాయన పోయేనాటికి ఆయన కన్నతల్లి బతికి ఉందా?

స్వర్ణముఖి గట్టు
సార్, ఎందుకడిగారో తెలియలేదు గానీ మామయ్యతో ఫోన్ చేయించి కనుక్కున్నాను. ఉందట. ఆ అవ్వ 2014లో పోయారట. ఆమెకు ఈ పెద్దాయన కాక ఇంకో కొడుకు, ఒక కూతురు ఉన్నారట. కొడుకు పలమనేరులో, కూతురు గుడియాత్తంలో. కానీ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అవ్వ పేరు లేదు. భార్యా పిల్లల పేర్లే ఉన్నాయి.

కోర్టు వీధి
నా అనుమానం అదే. ఇది బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి, కాబట్టి నిదానంగా చెబుతాను.

చనిపోయిన మగమనిషికి మొదటి తరగతి వారసుల్లో కన్నతల్లి కూడా ఉంది. భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు ఆమెకూ సమాన భాగం. అంటే 2009లో ఆ సైటు అయిదు భాగాలయింది: భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు, అవ్వ. 60 అంకణాల్లో తలా 12.

2014లో అవ్వ పోయింది. ఆమె కూడా ఏమీ రాయకపోయి ఉంటే ఆమె 12 అంకణాలు ఆమె పిల్లలకు పోతాయి. పలమనేరు కొడుక్కి 4, గుడియాత్తం కూతురికి 4, ముందే పోయిన ఈ కొడుకు తరఫున అతని పిల్లలు ముగ్గురికీ కలిపి 4. విడదీసి గీత గీయలేదు కాబట్టి సైటు ఏ మూలైనా వాళ్లదే అని కాదు గానీ, మొత్తంలో 8 అంకణాల హక్కు ఆ ఇద్దరిదీ. మీకు అమ్మే నలుగురూ సంతోషంగా సంతకాలు పెట్టినా ఆ 8 అంకణాలు మీకు రావు. రేపు మీరు ఇల్లు కట్టుకున్నాక వాళ్ల పిల్లలెవరో పార్టిషన్ దావా వేస్తే, మీ పునాది కింద వాళ్ల భాగం ఉందని కోర్టు ఒప్పుకోక తప్పదు.

తహసీల్దారు ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబ సభ్యులెవరో చెప్పే కాగితం. ఆస్తికి వారసులెవరని తీర్పు చెప్పే కాగితం కాదు. దాన్నే పట్టుకోని అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ తృప్తిపడటం వల్ల మా దగ్గరికి వచ్చే దావాలు చాలా ఉన్నాయి.

దారి కష్టమైనదేమీ కాదు. ఆ పలమనేరు బాబాయినీ గుడియాత్తం మేనత్తనూ కూడా క్రయ దస్తావేజులో రాసిచ్చేవాళ్లుగా చేర్చండి. వాళ్లకెంత ఇచ్చుకుంటారో అది వాళ్ల కుటుంబంలో మాట. మీకు కావాల్సింది వాళ్ల సంతకం, వేలిముద్ర, ఆ డబ్బు ముట్టినట్టు వాళ్ల ఒప్పుకోలు.

చంద్రగిరి కోట
సార్, తల్లికి భాగం ఉంటుందని నాకు నిజంగా తెలియదు. మా వైపు ఎవరూ ఈ మాట చెప్పరు. మరి మైనర్లు ఉంటే?

కోర్టు వీధి
మైనరు భాగం అమ్మాలంటే కోర్టు అనుమతి ఉండాల్సిందే, తండ్రయినా తల్లయినా సరే. అనుమతి లేకుండా అమ్మితే ఆ పిల్లవాడు పద్దెనిమిది నిండాక మూడేళ్ల లోపల దాన్ని కొట్టేయమని దావా వేయవచ్చు. కొనేవాళ్లు అమ్మేవాళ్ల పిల్లల వయసులు అడగడం మొహమాటంగా అనిపిస్తుంది. అయినా అడగాలి.

గిరింపేట
చిత్తూరు నుంచి. మధ్యలో దూరుతున్నా, క్షమించండి. నేను అమ్మే వైపు ఉన్నా. మురకంబట్టు దగ్గర ఇల్లు అమ్ముతున్నాం, పాప పెళ్లి ఖర్చుల కోసం. కొనే ఆయన "ముందు రిజిస్ట్రేషన్ చేసియ్యండి, బ్యాంకు లోను రాగానే మిగతా 20 లక్షలు ఇస్తా" అంటున్నాడు. తెలిసిన మనిషే. చేయొచ్చా?

పాత దస్తావేజు
చేయొద్దు నాయనా. తెలిసిన మనిషైనా సరే. డబ్బు ముట్టినాకే సంతకం.

కోర్టు వీధి
గిరింపేట గారూ, రిజిస్ట్రేషన్ అయిపోయిన క్షణం నుంచి ఇల్లు ఆయనది. మిగతా డబ్బు ఇవ్వలేదని దస్తావేజు రద్దు కాదు. 2020లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది: బాకీ ఉన్న ధరను దావా వేసి వసూలు చేసుకోవచ్చు, అంతేగాని అమ్మకం చెల్లదనడానికి లేదు. మీరొక్కరే ఆఫీసుకు పోయి రద్దు పత్రం రాసుకోవడమూ మన రాష్ట్ర రిజిస్ట్రేషన్ రూల్స్ ప్రకారం కుదరదు, ఇద్దరూ రావాల్సిందే.

బ్యాంకు లోను అయితే పద్ధతి ఇది. లోను శాంక్షన్ అయ్యాక బ్యాంకు మీ పేరున డీడీ తీస్తుంది. రిజిస్ట్రేషన్ రోజు బ్యాంకు తరఫు మనిషి డీడీ పట్టుకొని ఆఫీసుకు వస్తాడు. ఆ డీడీ నంబరు, తేదీ, మొత్తం దస్తావేజులోనే రాయించండి. డీడీ చేతికిచ్చాక వేలిముద్ర వేయండి. ఇట్లా చేస్తే ఆయనకూ మీకూ ఇద్దరికీ ధైర్యం.

గిరింపేట
చాలా థ్యాంక్స్ సార్. ఈరోజే ఆయనతో మాట్లాడతా. పాప పెళ్లి మాఘమాసంలో, ఇంకా టైముంది.

రేణిగుంట రోడ్డు
అక్కా, 22ఎ చూసినారా? తిరుపతిలో అన్నిటికన్నా ముందు అది చూడాల.

స్వర్ణముఖి గట్టు
22ఎ అంటే నిషేధిత జాబితా అని అర్థమైంది తమ్ముడూ. ఎక్కడ చూడాలి, ఎట్లా చూడాలి?

తుడా సర్కిల్
రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ప్రొహిబిటెడ్ ప్రాపర్టీస్ అని ఉంటుంది. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు కొడితే చూపిస్తుంది. ప్రభుత్వ భూమి, అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చినది), దేవాదాయ, వక్ఫ్ భూములు, కోర్టు లేదా ప్రభుత్వం అటాచ్ చేసినవి అన్నీ అందులో ఉంటాయి. అందులో ఉంటే రిజిస్టరు చేయరు.

తిరుపతి చుట్టుపక్కల ఇది మరీ ముఖ్యం. 1843 నుంచి 1933 దాకా తిరుమల గుడి నిర్వహణ హథీరాంజీ మఠం చేతుల్లో ఉండింది. ఆ మఠానికీ, దేవస్థానానికీ ఊరి చుట్టూ భూములు ఉన్నాయి. ఇవి 1987 దేవాదాయ చట్టం కిందికి వస్తాయి, దేవాదాయ కమిషనర్ మంజూరు లేకుండా అమ్మితే చెల్లదు. మఠం భూమిలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఉన్నారు, కరెంటు మీటరు ఉంటుంది, ఇంటి పన్ను రసీదు ఉంటుంది, చూస్తే ఊరు మాదిరే ఉంటుంది. కరెంటు బిల్లూ పన్ను రసీదూ హక్కు ఇవ్వవు. అట్లాంటిచోట "నోటరీ మీద రాసిస్తాం, రేటు సగమే" అని చెబుతారు. ఎంత చవకైనా వద్దు.

ఒక్కోసారి దీనికి తిరగబడి కూడా జరుగుతుంది. ఒక సర్వే నంబరులో ఒక భాగం గుడిదైతే మొత్తం నంబరు జాబితాలో పడిపోతుంది. అప్పుడు సబ్‌డివిజన్ రికార్డులు పెట్టి కలెక్టరు దగ్గర అర్జీ వేసుకోవాలి. అది అమ్మేవాళ్లు చేసిపెట్టాల్సిన పని. జాబితాలోంచి తీశాకే మీ డబ్బు.

పాకాల రైతు
పొలాల సంగతి గూడా చెప్పండి సార్. మా పక్క డీకేటీ పట్టాలు, అంటే అసైన్డ్ భూముల పట్టాలు జాస్తి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మేదానికి లేదు. 2023లో సవరణ తెచ్చి 20 ఏళ్లు దాటినవాళ్లకి అమ్ముకునే పూర్తి హక్కు (ఫ్రీహోల్డు) ఇస్తామన్నారు, 2024లో మళ్లీ ఆ ఫ్రీహోల్డు భూముల రిజిస్ట్రేషన్లు నిలిపేసినారు. ఈ మధ్యలో అడ్వాన్సులు ఇచ్చినోళ్లు ఉండారు, డబ్బు ఈడ ఇరుక్కుంది. రీసర్వే అయిన ఊర్లలో సర్వే నంబర్లు పోయి ఎల్పీఎం నంబర్లు (ఒక్కో భూమి ముక్కకు ఇచ్చిన కొత్త నంబర్లు) వచ్చినాయి. అన్నదమ్ములిద్దరి భూమి ఒకే ఎల్పీఎం కింద పడితే ఒకరు అమ్మాలన్నా ఇంకొకరి దగ్గర ఆగాల్సి వస్తా ఉంది. పొలం కొనేవాళ్లు పాత సర్వే నంబరు, కొత్త ఎల్పీఎం నంబరు రెండూ పెట్టుకోని అడంగల్, 1బీ అనే రెవెన్యూ రికార్డులు చూసుకోండి.

సత్యవేడు
మా వైపు ఇంకో చిక్కు. సత్యవేడు ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లా నుంచి ఆంధ్రలోకి వచ్చింది. అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు (లింకు దస్తావేజులు) తమిళంలో ఉంటాయి. పెద్దతరం పోయాక వాటిని చదివేవాళ్లు ఇంట్లో ఉండరు. శ్రీసిటీ పారిశ్రామిక వాడ వచ్చాక భూముల ధరలు పెరిగి, ఆ పాత కాగితాల మీదే తగాదాలు. కొనేవాళ్లు తమిళం చదవగలిగిన వకీలు చేత హద్దులు చదివించుకోవాలి, మధ్యవర్తి నోటితో చెప్పింది సరిపోదు.

పాత దస్తావేజు
స్వర్ణముఖి అమ్మా, సైటు కొలిచినారా? 1991 దస్తావేజులో విస్తీర్ణం ఎట్లా రాసినారు, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) ఏముంది?

స్వర్ణముఖి గట్టు
ఉన్నదున్నట్టు రాస్తున్నా సార్: "తూర్పు రోడ్డు, పడమర, దక్షిణం ఇతరుల స్థలాలు, ఉత్తరం 20 అడుగుల సందు, ఈ మధ్యన తూర్పు పడమర 36 అడుగులు, ఉత్తర దక్షిణం 60 అడుగులు, వెరసి 5 సెంట్ల స్థలం." ఆదివారం మా ఆయన టేపు పట్టుకోని కొలిచారు. తూర్పు పడమర సరిపోయింది. ఉత్తర దక్షిణం 58న్నర అడుగులే వచ్చింది. దక్షిణం వైపు ఇంటివాళ్ల కాంపౌండు గోడ ఉంది.

పాత దస్తావేజు
చూసినారా! తిరుపతి అంకణం అంటే 36 చదరపు అడుగులు. మీ సైటు వెడల్పు 36 అడుగులు. కాబట్టి పొడవులో ఒక్క అడుగు తగ్గితే ఒక అంకణం పోయినట్టే. ఒకటిన్నర అడుగు తగ్గింది, ఒకటిన్నర అంకణం, మీ రేటున లక్షన్నర రూపాయలు ఆ గోడ కింద ఉంది.

ఇంకోటి చూడండి. 5 సెంట్లంటే 2178 చదరపు అడుగులు, 60న్నర అంకణాలు. కొలతల ప్రకారం 36 ఇంటూ 60 అయితే 2160, అంటే 60. దస్తావేజు లోపలే అర అంకణం తేడా ఉంది. తగాదా వస్తే సాధారణంగా హద్దులకూ కొలతలకూ ఉన్న బలం మొత్తం విస్తీర్ణం అంకెకు ఉండదు. కొత్త దస్తావేజులో "5 సెంట్లు" అని పాతదాన్ని చూసి ఎత్తి రాయకుండా, లైసెన్సుడు సర్వేయరు చేత కొలిపించి, ప్లాను గీయించి, నిజంగా నేల మీద ఉన్న కొలతే రాయించండి. ధర కూడా ఆ కొలతకే.

నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు కొనేవాళ్లు ఇంకా జాగ్రత్త. అవి నెల్లూరు నుంచి ఇటు వచ్చినవి, అక్కడ అంకణం 72 చదరపు అడుగులు. రేటు వినగానే ఏ అంకణమో అడగండి.

స్వర్ణముఖి గట్టు
ఇది విన్నాక మా ఆయన "నువ్వు ఆ పెద్దాయనకి నా నమస్కారం చెప్పు" అన్నారు. చెబుతున్నా. మరి అగ్రిమెంటు ఎట్లా రాయించుకోవాలి? నగదు కొంత అడుగుతున్నారు.

తుడా సర్కిల్
నగదు వద్దు. స్థలం అడ్వాన్సుగా 20 వేలు లేదా అంతకు మించి నగదు తీసుకుంటే, ఎంత తీసుకున్నారో అంత జరిమానా తీసుకున్నవాళ్లకే పడుతుంది. ఈ మాట పెద్దకొడుకుతో చెప్పండి, ఆయనే మానుకుంటారు. అదీగాక, చెక్కు మీదో ఆర్టీజీఎస్ మీదో పోయిన డబ్బుకే రేపు కోర్టులో విలువ.

మీ ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీడీఎస్ మీరే కోసి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. బాబాయీ మేనత్తలతో కలిపి అమ్మేవాళ్లు ఆరుగురు, తలా ఒక్కొక్కరికి 50 లక్షల లోపే కదా అని వదిలేయకూడదు. 2024 అక్టోబరు నుంచి మొత్తం ధరనే చూస్తున్నారు. ఆరుగురి పాన్ నంబర్లూ ముందే తీసుకోండి. పాన్ లేకపోతే కోత 20 శాతం.

స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. ప్రభుత్వ మార్కెట్ విలువా, మీరు రాసే ధరా, ఏది ఎక్కువో దాని మీద. 60 లక్షలకు నాలుగున్నర లక్షలు పక్కన పెట్టుకోండి. డ్యూటీ మిగులుతుందని ధర తగ్గించి రాయించే సలహా వస్తుంది. అట్లా చేస్తే రేపు మీరు అమ్మేటప్పుడు ఆ తేడా అంతా లాభంగా కనబడి పన్ను మీ నెత్తిన పడుతుంది.

కోర్టు వీధి
అగ్రిమెంటు గురించి. మన రాష్ట్రంలో అమ్మకపు అగ్రిమెంటును కూడా రిజిస్టర్ చేయించాలి. చేయిస్తే ఈసీలో పడుతుంది, రెండోవాడికి అమ్మే ఆశ పోతుంది. అందులో ఆరుగురూ సంతకాలు పెట్టాలి, పెద్దకొడుకు ఒక్కరే కాదు. గడువు తేదీ రాయండి. ఆ తేదీ దాటినా వాళ్లు రాకపోతే మూడేళ్ల లోపల దావా వేయాలి, ఆ తర్వాత వేస్తే చెల్లదు. గోడ సంగతి తేలేదాకా ధర ఎన్ని అంకణాలకు లెక్క వేస్తారో అదీ రాయండి. పొరబాట్లుంటే అడ్వాన్సు వాపసు అని స్పష్టంగా ఉండాలి.

ఎవరైనా రాలేక జీపీఏ (తన తరఫున సంతకం చేయడానికి ఇంకొకరికి ఇచ్చే అధికార పత్రం) ఇస్తామంటే, ఇచ్చిన మనిషి బతికే ఉన్నారని రిజిస్ట్రేషన్ రోజున ఫోన్లో చూసి మరీ నిర్ధారించుకోండి. మామూలు జీపీఏ ఇచ్చిన మనిషి పోతే దానితోపాటే పోతుంది. జీపీఏ మీద "కొనేశాం" అనుకోవడం కుదరదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

స్వర్ణముఖి గట్టు
మళ్లీ వచ్చాను. ఈ మధ్య జరిగిందంతా చెబుతాను, మీరంతా శ్రద్ధగా చెప్పారు కాబట్టి.

1983 నుంచి ఈసీ తీశాం. 1996లో ఒక సహకార సంఘానికి తాకట్టు, 2001లో రద్దు, రెండూ అందులో ఉన్నాయి. రద్దు పత్రం నకలు తెప్పించుకున్నాం. 22ఎలో ఆ నంబరు లేదు. ఒరిజినల్ దస్తావేజు పెద్దకొడుకు బీరువాలోంచి తెచ్చి చూపించారు.

బాబాయీ మేనత్తల సంగతి చెప్పినప్పుడు మధ్యవర్తి చిరాకుపడ్డాడు, "ఇట్లా తవ్వుకుంటే ఎవరూ కొనలేరు" అన్నాడు. పెద్దకొడుకు మాత్రం కాసేపు ఆలోచించి "అవ్వ భాగం అవ్వ పిల్లలదే కదమ్మా, మేము మా అత్తకి చెప్పుకుంటాం" అన్నారు. గుడియాత్తం నుంచి ఆ అత్తగారు స్వయంగా వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. "మా అమ్మకి ఇందులో భాగం ఉందని మాకెవరూ చెప్పలేదే" అని రెండుసార్లు అన్నారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకొని ఆమెకూ బాబాయికీ నేరుగా చెక్కులివ్వాలని నిర్ణయించుకున్నారు. అగ్రిమెంటు ఆరుగురి సంతకాలతో రిజిస్టర్ అయింది. దక్షిణం వైపు ఇంటివాళ్లు గోడ కదపబోమన్నారు, కాబట్టి 58న్నర అంకణాలకే ధర.

క్రయానికి స్లాట్ తీసుకునే ముందు డ్రాఫ్టులో ఏం చూసుకోవాలి?

పాత దస్తావేజు
మంచి కుటుంబం దొరికింది తల్లీ.

డ్రాఫ్టును మీరూ మీవారూ గట్టిగా పైకి చదువుకోండి, ఒకరు పాత దస్తావేజు పట్టుకోండి, ఒకరు కొత్తది. ఆధార్‌లో ఉన్నట్టే పేర్లు, ఇంటిపేర్లు. సర్వే నంబరు, సబ్‌డివిజన్ అంకె. 1991 దస్తావేజు నంబరు, సంవత్సరం. పెద్దాయన, అవ్వ పోయిన తేదీలు, వారసులు ఎవరెవరో ఒక పేరాలో వరసగా. ప్రతి చెక్కు నంబరు. ప్లాను మీద అందరి సంతకాలు. దక్షిణం హద్దు దగ్గర ఇప్పుడున్న గోడను రాయించండి. సంతకం చేసిన నాలుగు నెలల లోపల ఆఫీసులో దాఖలు చేయాల. ఒక్క అంకె తప్పు పోయినా సవరణ పత్రానికి మళ్లీ ఆరుగురినీ పిలవాల్సి వస్తుంది, ఆ అత్తమ్మను గుడియాత్తం నుంచి మళ్లీ రప్పించడం బాగుండదు.

రేణిగుంట రోడ్డు
రిజిస్ట్రేషన్ అయినాక ఖాళీ స్థలం పన్ను మీ పేరుకు మార్పించుకోవడం మరవద్దక్కా. 1991 ఒరిజినలు, తాకట్టు రద్దు పత్రం, డెత్ సర్టిఫికెట్లు అన్నీ ఆ రోజే చేతికి తీసుకోండి. తర్వాత ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

స్వర్ణముఖి గట్టు
సరే తమ్ముడూ, అన్నీ అదే రోజు తీసుకుంటాం. వచ్చే బుధవారానికి స్లాట్ దొరికింది. ఆ గుడియాత్తం అత్తగారికి మెట్లెక్కడం కష్టం. ఆఫీసు పై అంతస్తులో ఉంది. ఇట్లాంటివాళ్లకి ఏదైనా వెసులుబాటు ఉందా?

కోర్టు వీధి
ఉంది. నడవలేనివాళ్ల ఇంటికే వచ్చి ఒప్పుకోలు నమోదు చేయమని అడగడానికి రిజిస్ట్రేషన్ చట్టంలో వీలుంది, దానికి వేరే ఫీజు, అర్జీ. ఆమె తిరుపతిలో మీ అత్తగారింట్లో దిగుతుంటే ఆ చిరునామాతో రేపే అర్జీ పెట్టించండి, బుధవారం దాకా ఆగొద్దు. డాక్టరు చీటీ ఒకటి జతచేయండి.